ఎక్కడ నిలబడి లెక్కపెట్టారు?

విద్యార్థులారా! వీడియో గేమ్ కన్సోల్ అంటే ఏమిటో మీలో చాలామందికి చెప్పనక్కరలేదు. టీవీకి తగిలించి, మీటలున్న పలకను చేత్తో పట్టుకుని ఆడుకునే పెట్టె అది. ఈ పెట్టెలు తయారుచేసే పెద్ద సంస్థలు ఇప్పుడు మూడు. జపానుకు చెందిన సోనీ, నింటెండో. అమెరికాకు చెందిన మైక్రోసాఫ్ట్. వాటి పెట్టెల పేర్లు వరుసగా ప్లేస్టేషన్, స్విచ్, ఎక్స్‌బాక్స్. మా హరిశ్చంద్రపురం చుట్టుపక్కల ఇవి ఉన్న ఇళ్ళు తక్కువే. కాని వాటి గురించిన వాదనలకు కొదవ లేదు. ఇంట్లో పెట్టె లేనివాళ్ళే ఇంకాస్త గట్టిగా వాదిస్తారని నా అనుమానం!

వాదన ఎలా ఉంటుంది? "ఈ నెల ప్లేస్టేషనే ఎక్కువ అమ్ముడుపోయింది" అని ఒకడంటాడు. "కాదు, స్విచ్" అని మరొకడు. ఇద్దరి దగ్గరా అంకెలుంటాయి. ఇద్దరూ ఫోన్లో చూపిస్తారు. చిత్రమేమిటంటే, ఇద్దరి అంకెలూ నిజమే కావచ్చు. ఒకే సరుకుకు రెండు నిజమైన లెక్కలు ఎలా ఉంటాయి? అదే ఈ నెల మనం తేల్చుకోవలసిన సంగతి.

ముందు మనకు బాగా తెలిసిన సరుకుతో మొదలుపెడదాం. ఉద్దానం తోటల్లోని జీడిపిక్కలు పలాస ఫ్యాక్టరీలకు వెళతాయి. అక్కడ కాల్చి, కొట్టి, పొట్టు తీసి, డబ్బాల్లో నింపుతారు. ఆ డబ్బాలు లారీ ఎక్కి ఏ విశాఖపట్నంలోనో, హైదరాబాదులోనో టోకు వ్యాపారి గోదాముకు చేరతాయి. అక్కడినుంచి చిల్లర దుకాణానికి, అక్కడినుంచి మీ అమ్మగారి పాయసంలోకి. మరి జీడిపప్పు "అమ్ముడుపోయింది" అని ఎప్పుడనాలి? ఫ్యాక్టరీ యజమాని తన గేటు దాటిన డబ్బాలను లెక్కపెడతాడు. ఆయన దృష్టిలో అది అమ్మకమే, డబ్బు చేతికొచ్చింది మరి! దుకాణదారు తన తక్కెడ మీద తూచి ఇచ్చినదాన్ని లెక్కపెడతాడు. ఈ రెండు లెక్కల మధ్య తేడా ఎక్కడుంది? గోదాముల్లోనూ, దుకాణాల అరల మీదా ఉంది.

కన్సోళ్ళ విషయంలోనూ అంతే. సోనీ, నింటెండో మూడు నెలలకొకసారి ప్రకటించే అంకెలు సాధారణంగా ఫ్యాక్టరీ గేటు లెక్కలు, అంటే వ్యాపారులకు పంపిన పెట్టెలు. ఒక్కోసారి ఇళ్ళకు చేరిన లెక్క కూడా చెబుతారు. 2021 జులై 18 నాటికి ప్లేస్టేషన్ 5 కోటి మందికి పైగా కొన్నారని సోనీ ప్రకటించినప్పుడు, అది కొనుగోలుదారుల చేతికి చేరిన లెక్క. ఇక నెలనెలా వచ్చే అంకెలు చాలావరకు దుకాణాల బల్ల దగ్గరివి. ఒకడు గేటు లెక్కనూ మరొకడు బల్ల లెక్కనూ పట్టుకుని కూర్చుంటే వాదన తెల్లవారినా తెగదు.

"తేడా ఉంటే ఏమైంది, ఇవాళ కాకపోతే రేపు అమ్ముడుపోతాయి కదా" అని మీరనవచ్చు. అలా అనుకునే ఒక పెద్ద సంస్థ కుప్పకూలింది. ఆ కథ వినండి.

1977లో అమెరికాలో అటారీ అనే సంస్థ ఒక కన్సోల్ విడుదల చేసింది. తరువాత దానికి 2600 అని పేరు వచ్చింది. ఆటలు క్యాసెట్లుగా విడిగా దొరికేవి. 1980 వచ్చేసరికి అది ఇంటింటి ముచ్చట అయింది. దుకాణదారులు వంద అడిగితే సంస్థ యాభై కూడా పంపలేని పరిస్థితి. అప్పుడు దుకాణదారు ఏం చేస్తాడు? మన దగ్గర యూరియా దొరకదేమోనన్న భయంతో ఒకే రైతు రెండుచోట్ల పేరు రాయించుకున్నట్టు, అతను రెండు వందలు కావాలని రాస్తాడు. 1981 అక్టోబరులో అటారీ, రాబోయే ఏడాదికంతా కావలసిన సరుకును ముందే చెప్పమని వ్యాపారులను కోరింది. వాళ్ళు పెద్దపెద్ద అంకెలు వేసి పంపారు. సంస్థ ఆ అంకెలను చూసి, జనానికి ఇంత కోరిక ఉందని అనుకుంది. నిజానికి అందులో కొంత కోరిక, మిగతాది భయం. కాగితం మీద రెంటికీ ఒకటే రంగు.

1982లో పాక్‌మాన్ అనే ఆటకు ఇళ్ళలో ఉన్న కన్సోళ్ళకంటే ఎక్కువ క్యాసెట్లు తయారుచేశారని చెబుతారు. ఆ ఏడాది చివరనే ఇ.టి. అనే సినిమా ఆధారంగా మరో ఆట వచ్చింది. క్రిస్మస్ పండుగకు అందాలని, ఒకే ఒక్క ఇంజనీరు చేత ఐదారు వారాల్లో దాన్ని తయారుచేయించారు. సుమారు 40 లక్షల క్యాసెట్లు చేస్తే అందులో సగానికి పైగా మిగిలిపోయాయి. గేటు దగ్గర లెక్కపెట్టినవాళ్ళకు అమ్మకాలు బ్రహ్మాండం! దుకాణంలో మాత్రం అరలు నిండి, నేల మీద కూడా గుట్టలు పడ్డాయి. అమ్ముడుపోని సరుకు వెనక్కి ప్రయాణం కట్టింది.

1982 డిసెంబరు 7న అటారీ యజమాని అయిన వార్నర్ సంస్థ అసలు సంగతి బయటపెట్టింది. 50 శాతం పెరుగుతాయనుకున్న అమ్మకాలు 10, 15 శాతమే పెరుగుతాయట! మర్నాడే ఆ సంస్థ వాటాల విలువ సుమారు మూడోవంతు పడిపోయింది. 1983లో అటారీ నష్టం 53 కోట్ల డాలర్లు దాటింది. వేలమంది ఉద్యోగాలు పోయాయి. ఆ సెప్టెంబరులో న్యూమెక్సికో రాష్ట్రంలోని అలమొగార్డో అనే ఊరి చెత్త దిబ్బలో లారీల కొద్దీ క్యాసెట్లు పోసి, పైన కాంక్రీటు వేసి పూడ్చారు. ఇది కట్టుకథ అని చాలాకాలం వాదించుకున్నారు. 2014 ఏప్రిల్లో తవ్వి చూస్తే క్యాసెట్లు కనబడ్డాయి! పైకి తీసినవి సుమారు 1,300. పూడ్చినవి మొత్తం 7 లక్షల 28 వేలని అప్పట్లో సంస్థలో పనిచేసిన ఒక అధికారి చెప్పాడు. పూడ్చిపెట్టిన ఆ సరుకులో చాలా భాగం అంతకుముందు ఏదో ఒక లెక్కలో "అమ్మకం"గా నమోదైనదే అన్నది మరచిపోకండి.

సరే, అయితే దుకాణం బల్ల దగ్గరే లెక్కపెడదాం అంటారా? దానికీ చిక్కులున్నాయి. దేశంలోని ప్రతి దుకాణంలోనూ మనిషిని నిలబెట్టలేం. జపానులో ఫామిట్సు అనే పత్రిక వారం వారం ఇచ్చే అంకెలు, కొన్ని దుకాణాల అమ్మకాలను బట్టి దేశం మొత్తానికి వేసిన అంచనాలు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూడటం లాంటిది ఈ పద్ధతి. కాని కుండలో నీరు మెతుకులన్నిటినీ ఒకేలా తాకుతుంది. దుకాణాలు అలా కాదు. పెద్ద పట్నంలో కొనేది ఒకటి, పల్లెలో కొనేది ఒకటి. పెద్దవాళ్ళు వెళ్ళే దుకాణం వేరు, పిల్లల బొమ్మల దుకాణం వేరు. అందుకే ఎన్ని మెతుకులు పట్టామన్నదానికంటే కుండలో ఎక్కడెక్కడినుంచి తీశామన్నది ముఖ్యం.

"నెల" అనే మాట కూడా మనల్ని మోసం చేస్తుంది. అమెరికాలో ఈ అంకెలు కూర్చే సంస్థ నెలను క్యాలెండరు ప్రకారం తీసుకోదు. వారాలుగా లెక్కిస్తుంది. సాధారణంగా జనవరి నాలుగు వారాలు, ఫిబ్రవరి నాలుగు, మార్చి ఐదు. మళ్ళీ నాలుగు, నాలుగు, ఐదు. ఇప్పుడొక చిన్న లెక్క వేద్దాం. (ఈ అంకెలు కల్పితం.) ఒక కన్సోల్ ఫిబ్రవరిలో 2 లక్షలు, మార్చిలో 2 లక్షల 40 వేలు అమ్ముడయిందనుకోండి. "20 శాతం పెరిగింది" అని సంబరపడతారు. వారాలతో భాగించండి. ఫిబ్రవరిలో వారానికి 50 వేలు, మార్చిలో 48 వేలు. పెరగలేదు, తగ్గింది! ఇంకో సంగతి. ఇలా 52 వారాలు కలిపితే 364 రోజులే వస్తాయి. మిగిలిన ఒకటింబావు రోజు ఏమవుతుంది? అవి పోగుపడి ఐదారేళ్ళకొకసారి ఏదో ఒక నెలకు అదనపు వారమై కూర్చుంటాయి. మన పంచాంగంలో అధికమాసం ఉన్నట్టే, వ్యాపారుల పంచాంగంలో అధికవారం!

రుతువు సంగతి మీకు వేరే చెప్పనక్కరలేదు. జీడి పంట మార్చి నుంచి మే దాకా వస్తుంది. మే నెల పిక్కల రాబడిని ఆగస్టుతో పోల్చి "వ్యాపారం నాశనమైంది" అంటే పలాసలో నవ్వుతారు. కన్సోళ్ళు ఎక్కువ అమ్ముడయ్యేది నవంబరు, డిసెంబరుల్లో, పండుగ కానుకలుగా. కనుక డిసెంబరును జనవరితో కాదు, కిందటి డిసెంబరుతో పోల్చాలి.

ఆ కిందటి సంవత్సరం మాత్రం మామూలు సంవత్సరమై ఉండాలి! 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లూ జీడి చెట్లూ వేళ్ళతో సహా పడిపోయాయి. అలాంటి దెబ్బ తిన్న ఏడాదిని పక్కన పెట్టుకుని, ఆ తరువాత కొద్దిగా కోలుకున్న పంటను "ఇంత శాతం పెరిగింది" అని చూపిస్తే, ఆ శాతం దేనిని కొలిచినట్టు? పంటను కాదు, తుపానును. ప్లేస్టేషన్ 5కూ ఇటువంటిదే జరిగింది. 2021 ఏప్రిల్ నుంచి 2022 మార్చి వరకు సోనీ పంపినవి కోటీ 15 లక్షలు. మరుసటి ఏడాది కోటీ 91 లక్షలు. సుమారు 66 శాతం పెరుగుదల! ఏడాదిలో జనానికి ఆట మీద అంత మోజు పెరిగిందా? లేదు. మొదటి ఏడాది ప్రపంచమంతటా చిప్‌ల కొరత. కొనేవాళ్ళున్నారు, పెట్టెలు లేవు. కొరత ఉన్నప్పుడు అమ్మకాల అంకె ఎంతమందికి కావాలో చెప్పదు, ఎన్ని దొరికాయో మాత్రమే చెబుతుంది. అలాంటి నెలలో ఒక పెట్టె ఇంకోదాన్ని "ఓడించింది" అనడం పందెమే కాని శాస్త్రం కాదని నా అభిప్రాయం.

ఇక అంకె ఇవ్వడమే మానేసినవాళ్ళున్నారు. మైక్రోసాఫ్ట్ 2015 నుంచి తన కన్సోళ్ళు ఎన్ని అమ్ముడయ్యాయో ప్రకటించడం లేదు. ఎంతమంది ఆడుతున్నారన్నదే అసలైన కొలత అన్నది వారి మాట. అందులో కొంత న్యాయముంది. అంకెలు బాగున్నప్పుడు మాత్రం ఎవరూ ఆ న్యాయాన్ని గుర్తుచేసుకోరు! కనుక ఇప్పుడు ఎక్స్‌బాక్స్ అమ్మకాలని ఎవరైనా ఖచ్చితమైన మొత్తం చెబితే, అది బయటివాళ్ళ అంచనా అని గ్రహించండి.

మొత్తాల పోటీలో ఇప్పటివరకు పై చేయి ప్లేస్టేషన్ 2ది. 2000 మార్చిలో విడుదలై, 2013 దాకా తయారై, 16 కోట్లు చేరిందని సోనీ చెబుతోంది. 2017లో వచ్చిన స్విచ్ 2025 నాటికి 15 కోట్లు దాటింది. అయితే ప్లేస్టేషన్ 2ను సినిమా డీవీడీలు చూడటానికి కొన్నవాళ్ళు చాలామంది. పాతది పాడయితే మళ్ళీ కొన్నవాళ్ళూ ఉన్నారు. 16 కోట్ల పెట్టెలంటే 16 కోట్ల ఇళ్ళు అని అర్థం కాదు.

ఈ పాత పెట్టె మన తెలుగు నేలకూ ఒక పని కల్పించింది. 2009లో హైదరాబాదుకు చెందిన ఆరోనా టెక్నాలజీస్ వారు "హనుమాన్: బాయ్ వారియర్" అనే ఆటను తయారుచేశారు. పూర్తిగా మన దేశంలోనే రూపొందిన మొదటి ప్లేస్టేషన్ ఆటగా దాన్ని చెబుతారు. గమనించండి. అప్పటికి ప్లేస్టేషన్ 3 వచ్చి రెండేళ్ళు దాటింది. నెలనెలా పత్రికల్లో పోట్లాటంతా కొత్త పెట్టెల గురించే. అయినా ఈ ఆట వచ్చింది తొమ్మిదేళ్ళ కిందటి పెట్టెకు. ఎందుకని? ఆట అమ్మేవాడికి ఈ నెల ఎన్ని పెట్టెలు అమ్ముడయ్యాయన్నది అంత ముఖ్యం కాదు. ఇప్పటికే ఎన్ని ఇళ్ళలో ఉన్నాయన్నది ముఖ్యం. ఒకటి కుళాయిలోంచి పడే ధార, రెండవది తొట్టెలోని నీరు.

చివరగా, ఏ లెక్కలోనూ లేనివి. నింటెండో 1983 జులైలో జపానులో ఫామికామ్ అనే కన్సోల్ విడుదల చేసింది. విదేశాలకు పంపినవాటితో కలిపి దాని అమ్మకాలు 6 కోట్ల 19 లక్షలని సంస్థ చెబుతుంది. మన ఊళ్ళలో మీ నాన్నగారో, బాబాయో చిన్నప్పుడు మారియో ఆడి ఉంటే, బహుశా ఆ 6 కోట్లలోని పెట్టె మీద కాదు. దాని లోపలి ఏర్పాటును ఒకే చిప్ మీదికి ఎక్కించి, తక్కువ ధరకు తయారుచేసిన నకలు పెట్టెల మీద. "క్యాసెట్లో 9999 ఆటలు" అని రాసి ఉండేది; వేసి చూస్తే అవే ఆటలు మళ్ళీ మళ్ళీ వచ్చేవి. ఆ అంకె సంగతి వేరే చెప్పాలా! రష్యాలోనూ, ఇంకా అనేక దేశాల్లోనూ పిల్లలు ఆడినవి ఎక్కువగా ఇటువంటివే. నింటెండో వాటిని తయారుచేయలేదు గనుక లెక్కపెట్టలేదు. తయారుచేసినవాళ్ళు లెక్క చెప్పలేదు.

మీ ఇంట్లో అటక మీద అలాంటి పెట్టె ఉంటే దించండి. దుమ్ము తుడిచి అడుగు భాగం చూడండి. తయారుచేసినవారి పేరు, ఊరు ఉన్నాయా? మీ తరగతిలో ఎందరి ఇళ్ళలో అలాంటివి దొరికాయో ఒక పట్టిక వేయండి. పక్కనే ఇంకో గడి గీసి, ఎందరిని అడిగారో, వాళ్ళు ఏ వీధులవాళ్ళో కూడా రాయండి.