సూర్యలంకకు శాండ్‌విచ్ కడుతున్నారా?

కార్తీకమాసం ఆదివారాల్లోనూ, వేసవి సెలవుల్లోనూ తెనాలి, రేపల్లె, బాపట్ల ఇళ్లలో తెల్లవారుజామునే పొయ్యి వెలుగుతుంది. సూర్యలంక ప్రయాణమంటే ఒకప్పుడు పులిహోర, దద్దోజనం కట్టుకునేవాళ్లం. ఇప్పుడు పిల్లల కోసం శాండ్‌విచ్‌లూ ఆ సంచిలో చేరాయి. బ్రెడ్డు మధ్య చీజ్, మయోనైజ్, గుడ్డు, చికెన్ పెట్టి ఇటాలియన్ తరహాలో చల్లగానే తినేవి. రుచికి బాగానే ఉంటాయి. కానీ డబ్బాకు మూత పెట్టిన సమయానికీ, ఒడ్డున తెరిచే సమయానికీ మధ్య ఎన్ని గంటలు గడుస్తున్నాయో ఎప్పుడైనా లెక్క చూశారా?

ఉదయం ఐదింటికి చేసింది, పిల్లలు అలల్లో ఆడి అలిసిపోయి మధ్యాహ్నం ఒంటిగంటకు తింటే ఎనిమిది గంటలు! 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య వేడిలో ఆహారంలోని సూక్ష్మక్రిములు వేగంగా పెరుగుతాయి. అందుకే వండిన పదార్థాన్ని బయట రెండు గంటలకు మించి ఉంచొద్దంటారు. ఎండ 32 డిగ్రీలు దాటితే ఆ గడువు ఒక్క గంటే. ఎండలో నిలిపిన కారులోనైతే చెప్పనక్కర్లేదు.

ఇటలీ పద్ధతి వేరు

ఇటలీవాళ్లు బ్రెడ్డు మధ్య పెట్టుకునే మాంసం చాలావరకు ఉప్పు పట్టించి నెలల తరబడి ఆరబెట్టినది. దానికి తోడు గట్టి చీజ్, ఊరబెట్టిన కూరగాయలు, ఆలివ్ నూనె. తేమ తక్కువ, ఉప్పూ పులుపూ ఎక్కువ కాబట్టి క్రిములు అంత తేలిగ్గా పెరగవు. ట్యూరిన్ నగరంలో 1920లలో మొదలైన ట్రామెజ్జినోలో మెత్తటి బ్రెడ్డు, మయోనైజ్ ఉంటాయి. అయితే అది కేఫ్‌లో చేసి, అక్కడే తినేసే వంటకం. మనం చేసేదేమో ఉడికించిన చికెన్‌కు మయోనైజ్ కలిపి, ఎండలో గంటల తరబడి మోసుకెళ్లడం.

వాసన రాదు, రుచి మారదు

మన ముక్కులో, చర్మం మీద, చేతి గాయాల్లో స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా ఉంటుంది. చేత్తో ముట్టుకున్న గుడ్డు, చికెన్‌లోకి అది చేరి విషపదార్థాన్ని తయారుచేస్తుంది. మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. తిన్న ఒకటి నుంచి ఆరు గంటల్లోపే వాంతులు మొదలవుతాయి. అన్నంలో పెరిగే బాసిలస్ సెరియస్‌దీ ఇదే దారి. పులిహోరకు చింతపండు పులుపు కొంత రక్షణ. ఫ్రైడ్ రైస్‌కు ఆ అండ లేదు. పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌లో సాల్మొనెల్లా భయమూ ఉంటుంది. తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరులో దాన్ని ఏడాదిపాటు నిషేధించింది అందుకే.

ఇలా కట్టండి

• బ్రెడ్డు, లోపల పెట్టేవి విడివిడిగా తీసుకెళ్లి, తినే ముందే కలపండి.
• ఇటలీ సూత్రం మన వంటింట్లోనే ఉంది. గోంగూర పచ్చడి, పల్లీల పొడి, నెయ్యి పెట్టి చూడండి. బీపీ ఉన్నవాళ్లు పచ్చడి పలచగా రాసుకోవాలి. రోజుకు మొత్తం ఉప్పు 5 గ్రాములు మించొద్దు.
• చికెన్, గుడ్డు, పనీర్ తప్పదనుకుంటే ఫ్రిజ్‌లో బాగా చల్లబరిచి ఐస్ పెట్టెలో సర్దండి. గడ్డకట్టించిన నీళ్ల సీసాలు కిందా పైనా పెడితే, కరిగాక తాగడానికీ పనికొస్తాయి.
• కీరా, టమాటా ముక్కలు అక్కడే కోయండి.
• చేతికి గాయమో, సెగ్గడ్డో ఉన్నవాళ్లు వంటకు దూరంగా ఉండాలి.

ఎక్కడ, ఎప్పుడు తినాలి?

ముందు భోజనం, తర్వాతే సముద్రం. చేరగానే సరుగుడు చెట్ల నీడన డబ్బాలు విప్పండి. తిన్నాక కాసేపు ఆగి నీళ్లలోకి దిగండి. సముద్రపు నీటితో చేతులు కడిగితే చాలదు. ఇసుక, నూనె అంటిన చేతులకు శానిటైజర్ కూడా సరిగా పనిచేయదు. ఒక సీసా మంచినీళ్లు, సబ్బుముక్క వెంట ఉంచుకోండి. మిగిలింది సాయంత్రానికి దాచొద్దు. ఒడ్డున కొనుక్కునేటట్లయితే కోసి పెట్టిన పండ్లకన్నా, మీ కళ్లముందు వేయించి వేడివేడిగా ఇచ్చే చేపే నయం.

వాంతులు మొదలైతే

సంచిలో రెండు ఓఆర్‌ఎస్ పొట్లాలు పెట్టుకోండి. పొట్లం మీద రాసినంత నీటిలోనే కలిపి, పిల్లలకు చెంచాతో కొద్దికొద్దిగా తాగించండి. అట్టపెట్టెల్లో అమ్మే తీపి పానీయాలు దానికి బదులు కావు. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ అలాంటి పానీయాల పేర్లలో ‘ఓఆర్‌ఎస్’ అని వాడకూడదని ఆదేశించింది.

పిల్లలకు విరేచనాలు ఆపే మాత్రలు సొంతంగా వేయొద్దు. వాంతులు ఆగకపోయినా, ఆరు గంటలుగా మూత్రం రాకపోయినా, కళ్లు లోతుకుపోయి మగతగా ఉన్నా, మలంలో రక్తం పడినా ఇంటికెళ్లాక చూద్దామనుకోవద్దు. 108కు ఫోన్ చేయండి, లేదా బాపట్ల ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి. అక్కడ డాక్టర్ ముందుగా అడిగేది ఏం తిన్నారు, ఎప్పుడు వండారు అనే. ఆ రెండూ గుర్తుపెట్టుకుని చెబితే వైద్యం త్వరగా మొదలవుతుంది.