ఇంటి ఇంటర్నెట్టు యంత్రములు: పేరు చూచి కొనవలెనా, పని చూచి కొనవలెనా?

మాచర్ల ప్రాంతపు గ్రామములలో ఇంటింటికి ఇంటర్నెట్టు తీగ వచ్చుట యిప్పుడు వింత గాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువారి ఫైబర్‌నెట్ పథకమును 2017 డిసెంబరు 27వ తేదీన నాటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్‌గారు ప్రారంభించిరి. నేలను త్రవ్వక, కరెంటు స్తంభములమీదుగానే గాజుతీగను పల్లెలకు గొనివచ్చుట ఆ పథకపు విశేషము. బి.ఎస్.ఎన్.ఎల్., జియో, ఎయిర్‌టెల్ మున్నగు కంపెనీలవారును తీగ లిచ్చుచున్నారు. గుంటూరు యార్డులో మిరప ధర తెలిసికొనుటకును, బ్యాంకు లెక్క చూచుకొనుటకును, పిల్లల చదువునకును నేడిది యాధారమైనది. కావున ఇంటిలో ఇంటర్నెట్టు మందగించిన వెంటనే క్రొత్త రౌటరు కొనవలెనని రైతునకు తోచుట సహజము. కొనబోవు ప్రతివాడును మొదట వేయు ప్రశ్న, “ఏ కంపెనీది మంచిది?” అనునది. ఆ ప్రశ్నకు ముందుగా వేయవలసినవి మఱి కొన్ని యున్నవి. అవి వేయనివారు రెండువేల రూపాయలతో తీరు పనికి పదివేలు వ్యయపఱచి, తుదకు వెనుకగదిలో ఫోను పనిచేయలేదని విచారించుచున్నారు.

లోప మెచ్చట నున్నది?

గాజుతీగ ఇంటిలో వచ్చి చేరు పెట్టెకు ఓ.ఎన్.టి. యని పేరు. వెలుతురు రూపమున వచ్చు సమాచారమును విద్యుత్తుగా మార్చుట దాని పని. దానిని సామాన్యముగా తీగ యిచ్చిన కంపెనీవారే అమర్తురు. అట్లు వచ్చినదానిని ఇంటిలోని ఫోనులకు, కంప్యూటరులకు పంచిపెట్టునది రౌటరు. పెక్కు ఇండ్లలో నీ రెండును ఒకే పెట్టెలో నుండును.

సాగరు కాలువక్రింది రైతులకు దీనిని వివరించుట సులభము. ఓ.ఎన్.టి. తూమువంటిది, రౌటరు పంటబోదెవంటిది. చివరి మడికి నీరందనప్పుడు తెలిసిన రైతు బోదెను త్రవ్వుటకు ముందు తూములో నీ రున్నదా లేదా యని చూచును. ఇచ్చటను అట్లే చేయవలెను. ఒక కంప్యూటరును వై-ఫైతో గాక తీగతో ఆ పెట్టెకు కలిపి వేగము కొలువుడు. సెకనుకు 100 మెగాబిట్లకు చందా కట్టిన యింట తీగమీద 90 వచ్చుచున్నచో తూములో నీరున్నట్లే. 20 మాత్రమే వచ్చుచున్నచో కంపెనీవారికి ఫిర్యాదు చేయవలెను గాని, ఎంత పేరుగల రౌటరు కొన్నను ప్రయోజనము లేదు. తీగమీద వేగము బాగుండి, పెట్టె ప్రక్కన ఫోను చక్కగా నడచి, వెనుకగదిలో మాత్రము నిలిచిపోవుచున్నచో లోపము గోడలయందును దూరమునందును ఉన్నదని యెఱుంగునది.

పేర్ల సంగతి

మన బజారులో దొరకు పేర్లలో డి-లింక్ 1986లో తైవానునందును, టి.పి.-లింక్ 1996లో చైనాయందును, నెట్‌గేర్ 1996లోనే అమెరికాయందును పుట్టినవి. టెండా 1999లో చైనాయందు వెలసినది. వీనిలో నేది గొప్పయని వాదించువారి పంతము గురజాల మాచర్లల కోడిపందెమును దలపించును. ఆ పందెములో నోడినవారు ఏడేండ్లు రాజ్యము విడిచిరి. ఈ పందెములో మనము పోగొట్టుకొనునది రొక్కము మాత్రమే. అయినను పోగొట్టుకొననేల?

ఈ కంపెనీల యంత్రము లన్నియు వై-ఫైకి ఏర్పడిన ఒకే అంతర్జాతీయ ప్రమాణములకు లోబడి నడచును. లోపలి ముఖ్యమైన చిప్పులు సయితము క్వాల్‌కామ్, మీడియాటెక్, బ్రాడ్‌కామ్, రియల్‌టెక్ వంటి కొలది సంస్థలు చేసినవే. అందుచేత పేరునకు పేరునకు నడుమగల భేదముకంటె, ఒక్క పేరుక్రింది రెండు రకముల నడుమగల భేదమే తఱచుగా నెక్కువ. టి.పి.-లింక్‌వారి ఆర్చర్ సి50, ఆర్చర్ సి6 అను రెంటిమీదను ఏ.సి.1200 అనియే యుండును. కాని సి50లో తీగ తగిలించు రంధ్రములు సెకనుకు 100 మెగాబిట్లకు మించి పోనీయవు; సి6లోనివి 1000 వఱకు పోనిచ్చును. 200 మెగాబిట్ల చందాదారుడు మొదటిదానిని కొన్నచో కట్టిన రుసుములో సగము వ్యర్థమే. ఒక్క విత్తన కంపెనీవారి మిరపలోనే నల్లరేగడికి తగిన రకము, ఎఱ్ఱనేలకు తగిన రకము వేఱువేఱుగా నుండుట రైతు లెఱిగినదే కదా.

పెట్టెమీది అంకెలు

ఏ.సి.1200 అనగా ఒక ఫోనునకు 1200 వచ్చునని యర్థము గాదు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగములమీద 300, 5 గిగాహెర్ట్జ్ తరంగములమీద 867 కలిపి వేసిన లెక్క యది. అదియు ప్రయోగశాలలోని మాట. మొదటి తరంగములు మెల్లగా నడచినను గోడలను దాటి దూరము పోవును. రెండవవి వేగముగలవి, కాని గోడ యడ్డువచ్చినచో త్వరగా క్షీణించును. కొనదలచిన యంత్రములో నీ రెండును ఉండవలెను. ఏ.ఎక్స్. అని వ్రాసినది వై-ఫై 6. పెక్కు ఫోనులు ఒకేసారి వాడు యింట అది మేలు. 2024లో వచ్చిన వై-ఫై 7 మనవంటి చందాదారులకు తప్పనిసరి గాదు.

రాతి యిండ్లు

పలనాటి యిండ్లలో అడ్డముగా నిలుచునది కంపెనీ పేరు గాదు, గోడ. మందపు రాతిగోడలు, కాంక్రీటు కప్పులు, ఇనుప బీరువాలు తరంగములను మ్రింగివేయును. అట్టి యింట ఖరీదైన రౌటరు నొకదానిని వసారాలో నుంచుటకంటె, సాధారణమైన యంత్రములు రెండు కొని, వెనుక భాగమునకు తీగ లాగి యచ్చట రెండవదానిని ఉంచుట మేలు. రెంటికిని ఒకే పేరు, ఒకే సంకేతపదము పెట్టినచో, అవి వేఱువేఱు కంపెనీలవైనను ఫోను తానే బలమైనదానిని పట్టుకొనును. తీగ లేకయే ఒకదానితో నొకటి మాటలాడుకొను మెష్ యంత్రములను కొనువారు మాత్రము అన్నిటిని ఒకే కంపెనీవి కొనవలెను. ఒకరి మెష్ మఱియొకరి మెష్‌తో కలియుట అరుదు.

తీగను కొనునప్పుడు అచ్చమైన రాగితీగ యడుగుడు. అల్యూమినియముమీద రాగిపూత పూసినది చౌకగా దొరకును గాని త్వరగా చెడును. ఈ తీగ 100 మీటర్లవఱకే నమ్మదగినది. దొడ్డిలోని పశువుల కొట్టమునకో, వేఱొక కట్టడమునకో కలుపవలసివచ్చినచో గాజుతీగ శ్రేష్ఠము. అది విద్యుత్తును మోయదు గనుక, పిడుగు పడినప్పుడు ఒక కట్టడమునుండి మఱియొకదానికి ఆ దెబ్బను చేర్పదు.

ఎండయు, కరెంటును

రెంటచింతల ఎండ యెట్టిదో మనకు వేఱుగా చెప్పనక్కఱలేదు. ఇంటి రౌటర్లలో పెక్కింటికి కంపెనీవారు వ్రాయు హద్దు 40 డిగ్రీలు. రేకుల కప్పుక్రిందనో, మూసిన బీరువాలోనో, ఇన్వర్టరు మీదనో ఉంచినచో ఏ పేరుగల యంత్రమైనను ఆగి ఆగి నడచును. గాలి తగులు చోట, మనిషి యెత్తునకు పైగా, ఇంటి నడిమికి దగ్గఱగా నుంచవలెను. ఆరుబయట పెట్టదలచినవారు అందుకై చేసిన రకమునే కొని, దాని వేడిమి హద్దు చదువవలెను.

తఱచుగా ముందు చెడునది రౌటరు గాదు, దాని అడాప్టరు. అడాప్టరుమీద బి.ఐ.ఎస్. గుర్తు ఉన్నదా యని చూడుడు. చెడినప్పుడు అదే వోల్టులు గలదానిని, ఆంపియర్లు తగ్గకుండ తేవలెను. 9 వోల్టుల యంత్రమునకు 12 వోల్టులది తగిలింపరాదు. కరెంటు పోవు వేళలకు రౌటరుకు సరిపడు చిన్న యు.పి.ఎస్.లు దొరకును. కొనునప్పుడు ఓ.ఎన్.టి.కి కూడ ఒకటి యుండవలెనని మరవరాదు. తూము మూతపడినచో బోదె నిండుగా నుండదు.

తలుపు గడియ

బ్యాంకు సంకేతములును, సంఘపు లెక్కలును ఈ పెట్టెగుండనే పోవును. కావున దీని గడియ గట్టిగా నుండవలెను. 2016లో మిరాయ్ అను దుష్ట కార్యక్రమము, ఫ్యాక్టరీలో పెట్టిన సంకేతపదము మార్చని కెమెరాలను, రౌటర్లను లక్షల సంఖ్యలో వశపఱచుకొనెను. ఇంటికి తెచ్చిన నాడే ఆ పదమును మార్చి, రక్షణ పద్ధతిని డబ్ల్యు.పి.ఏ.2గానో, 3గానో అమర్పవలెను.

కంపెనీవారు లోపములను సవరించుచు అప్పుడప్పుడు పంపు క్రొత్త సాఫ్ట్‌వేరు ఎన్నాళ్లు వచ్చునో యడిగి తెలిసికొనుడు. ఇది శాశ్వతము గాదు. 2024 నవంబరులో డి-లింక్‌వారు, గడువు తీరిన కొన్ని పాత రకములలో బయటపడిన లోపమును సవరింపమనియు, వానిని తొలగించి క్రొత్తవి పెట్టుకొనుడనియు ప్రకటించిరి. ప్రతి కంపెనీకిని ఇట్టి గడువు లుండును. బ్రిటనులో 2024 ఏప్రిలు 29 మొదలు ఈ గడువును కొనువారికి ముందే తెలుపవలెనని చట్టము వచ్చినది. కాబట్టి చౌకయని పాతయంత్రము కొనువారు దీనిని తప్పక విచారింపవలెను. నిజముగా పేరునకు విలువ యున్నచో ఇచ్చటనే యున్నది: సవరణ లెన్నాళ్లు పంపును, గ్యారంటీ యెన్నేండ్లు, చెడినప్పుడు బాగుచేయువాడు మాచర్లలోనో నరసరావుపేటలోనో దొరకునా, లేక హైదరాబాదు పోవలెనా?

కలిసి కొనుట

విత్తనములు, ఎరువులు కలిసి తెచ్చుకొను సంఘమునకు ఇది క్రొత్త పని గాదు. ఒక గ్రామములోని సభ్యులు పదిమంది ఒకే రకము నిర్ణయించుకొన్నచో ధర తగ్గించి యడుగవచ్చును. ఒక రౌటరును, రెండు అడాప్టరులను సంఘ కార్యాలయమున నిలువ యుంచినచో, మరమ్మతునకు పోయినవారికి ఆ నాలుగు దినములు ఎరువు ఇయ్యవచ్చును. దాని యమరిక నేర్చిన యువకుడొక్కడు పదియిండ్లకు సాయపడును. అయితే పదియు నొక్కసారి కొనరాదు. మొదట ఒకటి రెండు తెచ్చి, రాతియింట నుంచి, ఒక వేసవి గడపి చూచి, తరువాత మిగిలినవి తెప్పించుట వివేకము.

కావున సభ్యులు అంగడికి పోవుటకు ముందు ఒక కాగితముమీద తమ చందా వేగము, తీగమీద కొలిచిన వేగము, గదుల సంఖ్య, గోడల మందము, దూరము వ్రాసికొని పోవలెను. “పేరు గొప్ప, ఊరు దిబ్బ” యన్న సామెత యంత్రములకును వర్తించును. ఎద్దును కొనునప్పుడు కొమ్ముల రంగు చూడక పండ్లు చూచు రైతునకు ఈ బేరము కష్టమైనది గాదు.