ఒంటరి పిట్టకు తోడేదీ?

పిల్లలు మారాం చేస్తే ఒక్క పిట్టను కొని, పంజరంలో పెట్టి వసారాలో వేలాడదీసే ఇళ్లు పల్లెల్లోనూ కనిపిస్తున్నాయి. మొదటి వారం ఇంటిల్లిపాదీ దాని చుట్టే. తర్వాత పిల్లలు బడికి, పెద్దలు పొలానికి. పిట్టకు గింజలు, నీళ్లు అందుతాయి గానీ పలకరించేవాళ్లు ఉండరు. అది బెంగ పెట్టుకుంటుంది.

మన దగ్గర లవ్ బర్డ్స్ అని అమ్మే ఈ చిన్న చిలుకల అసలు పేరు బడ్జెరిగార్. (నిజమైన లవ్ బర్డ్స్ ఆఫ్రికా పక్షులు.) బడ్జెరిగార్ పుట్టిల్లు ఆస్ట్రేలియాలోని మెట్ట మైదానాలు. అక్కడ ఇవి గుంపులుగా తిరుగుతూ గడ్డి గింజలు ఏరుకుని బతుకుతాయి. 1840లో జాన్ గౌల్డ్ అనే పక్షి శాస్త్రవేత్త వీటిని ఇంగ్లండుకు తీసుకెళ్లాడు. అప్పటి నుంచి తరతరాలుగా పంజరాల్లో పెరుగుతున్నా గుంపు గుణం పోలేదు. మందలోంచి విడదీసిన గొర్రెపిల్ల ఎలా అరుస్తుందో మీకు తెలిసిందే. ఇదీ అంతే.

బెంగా, జబ్బా?

బెంగ పడిన పిట్ట కూత తగ్గిస్తుంది, లేదా అదే పనిగా అరుస్తుంది. తన ఈకలు తానే పీక్కుంటుంది. పంజరం చువ్వలను ఊరికే కొరుకుతుంది. అయితే ఈకలు ఉబ్బించుకుని అడుగున కూర్చున్నా, రెట్ట పలచబడినా, ఊపిరి తీసినప్పుడల్లా తోక ఊగినా అది బెంగ కాదు, జబ్బు. పిట్టలు జబ్బును చివరిదాకా దాచుకుంటాయి. రేపు చూద్దాంలే అనుకోకుండా అదే రోజు పశువైద్యునికి చూపించండి.

ఇలా చేయండి

పంజరాన్ని మనుషులు మసలే గదిలో, గోడ పక్కన, కంటి ఎత్తులో ఉంచండి. వంటింట్లో వద్దు. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగకు పిట్ట నిమిషాల్లో చచ్చిపోతుంది. అగరొత్తులు, దోమల చుట్టల పొగ కూడా తగలనీయకూడదు.

ఉదయం, సాయంత్రం దాని దగ్గర కూర్చుని మెల్లగా మాట్లాడండి. చేతిలో కొర్ర కంకి పట్టుకుని కదలకుండా ఉంటే కొన్నాళ్లకు తానే వచ్చి తింటుంది. తలుపులు మూసి, ఫ్యాను ఆపి, కాసేపు గదిలో ఎగరనివ్వండి. పిల్లిని మాత్రం ఆ దరిదాపులకు రానీయవద్దు. వేప పుల్ల, కొత్తిమీర కట్ట వేలాడదీస్తే కొరుక్కుంటూ పొద్దు పుచ్చుతుంది. రాత్రి పది, పన్నెండు గంటలు చీకటి, నిశ్శబ్దం ఉండాలి.

అద్దం పెడితే తోడున్నట్టే అని కొందరంటారు. అద్దంలోని పిట్ట బదులు పలకదు. దానికి మేత కక్కి పెడుతూ మీ పిట్ట మరింత నీరసిస్తుంటే అద్దం తీసేయండి.

జోడు తెచ్చేటప్పుడు

రోజంతా ఇల్లు ఖాళీగా ఉండేవారికి రెండో పిట్టే సరైన మందు. కానీ తెచ్చిన రోజే కలపకూడదు. కొత్త కోడిని మందలో వదిలితే ఏం జరుగుతుందో కోళ్లు పెంచేవారికి చెప్పనక్కర లేదు. కొత్త పిట్టను కనీసం 30 రోజులు వేరే గదిలో ఉంచండి. ముందు పాతదానికి మేత పెట్టి, తర్వాతే కొత్తదాని దగ్గరకు వెళ్లండి. ఆ తర్వాత వారం పాటు రెండు పంజరాలూ పక్కపక్కన పెట్టండి. కలిపేటప్పుడు పెద్ద పంజరం, రెండు మేత గిన్నెలు, రెండు నీటి గిన్నెలు ఉండాలి. రక్తం వచ్చేలా పొడుచుకుంటే వెంటనే విడదీయండి.

ఎదిగిన మగదానికి ముక్కు పైభాగం సాధారణంగా నీలంగా, ఆడదానికి గోధుమరంగులో ఉంటుంది. రెండు మగవి బాగానే సర్దుకుంటాయి. రెండు ఆడవైతే పోట్లాట ఎక్కువ. ఆడా మగా అయితే గూటి కుండ పెట్టకండి, పిల్లలు అక్కర్లేదనుకుంటే.

ఒక్క హెచ్చరిక

తోడు కోసమని మన రామచిలుకను తేవద్దు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం దాన్ని పట్టినా, అమ్మినా, ఇంట్లో పెంచినా నేరమే. పంజరం శుభ్రం చేశాక చేతులు సబ్బుతో కడుక్కోండి. చిలుకల రెట్ట దుమ్ము నుంచి మనుషులకూ ఊపిరితిత్తుల జబ్బు రావచ్చు.

ఈ పిట్ట బాగా చూస్తే ఐదు నుంచి ఎనిమిదేళ్లు బతుకుతుంది. అన్నాళ్లూ రోజుకో గంట మీరివ్వగలరా, లేక జోడు తేగలరా? ఈ రెండూ కుదరవనుకుంటే కొనకపోవడమే దానికి చేసే మేలు.