గోడమీది నిచ్చెన

పిల్లలు తమ చదువు తామే చూసుకోవాలి, చెప్పించుకోకుండా మసలుకోవాలి. సంపాదకులు ఈ వారం అప్పగించిన అంశం ఇది. దీనిమీద ఉపన్యాసాలకు కొదవలేదు కనుక వాటిని పక్కనపెట్టి ఒక పటాన్ని చూద్దాం. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ చుట్టుపక్కల పల్లెల్లో, ఒకే టీచరు నడిపే బళ్లలో గోడకు వేలాడే నిచ్చెన పటం అది. ఒక్కో మెట్టు మీద ఒక బొమ్మ, ఒక అంకె. ఇంకా చదవడం రాని పిల్ల కూడా బొమ్మను గుర్తుపట్టి, అదే గుర్తున్న కార్డు తీసుకుని, ఆ గుర్తుకు కేటాయించిన గుంపులో కూర్చుంటుంది. ఒక గుంపుకు టీచరు పూర్తిగా తోడుంటారు, ఒకదానికి కాస్త అందిస్తారు, మరోదాంట్లో తోటిపిల్లలే దిక్కు, ఇంకోదాంట్లో ఎవరిపని వారిదే. తానెక్కడుందో, తర్వాత ఏం చేయాలో తెలియని పిల్లకు బాధ్యత గురించి ఎంత చెప్పినా గాలిలో మాటే. ఈ పటం ఆ రెండూ కళ్లముందు పెడుతుంది. అల్లరి సంగతీ అంతే. టీచరు మూడో తరగతికి లెక్క చెబుతున్నంతసేపు రెండో తరగతి చేతులు కట్టుకు కూర్చోవాలంటే గిల్లుకోవడాలు మొదలవక ఏమవుతాయి? వేరుశనగ పీకే రోజుల్లో వారం బడి మానిన పిల్ల తిరిగొచ్చాక పాఠం దాటిపోయిందని బిక్కమొహం వేయనక్కర్లేదు. ఆగిన మెట్టు అక్కడే ఉంటుంది.

తేలిక మెట్టు మీదే తిష్ఠవేస్తే? దొంగచాటుగా రెండు మెట్లు దాటేస్తే? మధ్యమధ్య పరీక్ష కార్డులున్నాయి. తడబడితే మళ్లీ అభ్యాసం, తేలిగ్గా గట్టెక్కితే అదనపు పని. కార్డు ముట్టినంత మాత్రాన పాఠం వచ్చినట్టు కాదన్న ఆక్షేపణ ఇంతకన్నా బలమైనది, దాన్ని ఒప్పుకోవాలి. టీచరు కార్డులు పంచే గుమాస్తాగా మారితే నిచ్చెన కూడా మరో సిలబస్సే. అయితే ఆ తప్పు బోర్డుమీద రాసి కాపీ చేయించే పద్ధతిలోనూ ఉంది, కాకపోతే అక్కడ ఎవరికీ కనబడదు.

చరిత్ర క్లుప్తంగా: 1980ల చివర్లో పద్మనాభరావు, రమ దంపతులు ఈ పల్లెబళ్ల పని మొదలుపెట్టారు, పాఠ్యపుస్తకాన్ని కార్డులుగా విడగొట్టారు, ‘పెట్టెలో బడి’గా అది బయటి రాష్ట్రాలకూ పాకింది.

నాకున్న పేచీ నిచ్చెనతో కాదు, అది ప్రాథమిక బడితోనే ఆగిపోవడంతో. ఆరేళ్లప్పుడు తన కార్డు తానే తీసుకున్న పిల్ల పదహారేళ్లకు ఇంటర్ హాస్టల్లో చేరితే, స్టడీ అవర్‌లో ఏ సబ్జెక్టు తెరవాలో కూడా టైంటేబులే చెబుతుంది.

పొరుగున
కర్ణాటకలో ఇలాంటిదే ‘నలి-కలి’ పద్ధతి 1995లో మైసూరు జిల్లా హెచ్.డి. కోటెలో మొదలైంది, అక్కడి టీచర్లు రిషివ్యాలీ బళ్లను చూసి వెళ్లాక. ఆడుతూ నేర్చుకొమ్మని ఆ పేరుకు అర్థం. చెన్నై కార్పొరేషన్ ఇలాంటి కార్డుల పద్ధతినే 2003లో 13 బళ్లతో ఆరంభించింది. అక్కడ పిల్లలు నేలమీద కూర్చుంటే టీచరూ నేలమీదే కూర్చునేవారు.