ఒకచోట దిద్దితే అన్నిచోట్లా: ఫొటోషాప్‌లో అనుసంధిత పొరలు

మహారాష్ట్రలోని ఠాణే జిల్లాలో, మరమగ్గాలకు పేరుపొందిన భివండి పట్టణంలో పద్మనగర్ అనే పేట ఉంది. తెలంగాణ జిల్లాల నుంచి మగ్గం పనికోసం వచ్చిన పద్మశాలి కుటుంబాలు అక్కడ తరాలుగా స్థిరపడ్డాయి. మార్కండేయ జయంతికైనా బతుకమ్మకైనా అక్కడివారికి తెలుగులో ఆహ్వానపత్రం, గోడపత్రం, బ్యానరు కావాలి. వాటిని కంప్యూటర్‌లో కూర్చేవారికి తెలుగు చదవడం వచ్చి ఉండాలన్న నియమం లేదు. 'మహోత్సవం' కాస్తా 'మహొత్సవం' అయినా, 'పద్మశాలి'లోని మావత్తు కిందికి దిగక 'పద్‌మశాలి' అయినా వారి కంటికి తేడా కనిపించదు. తప్పు పట్టవలసింది తెలుగు చదువుకున్న మనమే. అయితే పట్టిన తప్పును ఆహ్వానపత్రంలో దిద్ది బ్యానరులో మరిచిపోవడం తరచుగా జరిగేదే. ఈ చిక్కును తప్పించే పద్ధతి ఒకటి ఫొటోషాప్‌లో ఉంది. దానిని ఇక్కడ వివరిస్తాము.

ఫొటోషాప్‌లో బొమ్మను పొరలు పొరలుగా కూర్చుతారు. ఇంగ్లీషులో వీటిని లేయర్లు అంటారు. మామూలు పొరను నకలు చేస్తే రెండూ వేరైపోతాయి. ఒకదానిలో దిద్దినది రెండోదానికి చేరదు. 2005లో వచ్చిన సీఎస్2 ప్రతిలో 'స్మార్ట్ ఆబ్జెక్ట్' అనే కొత్త రకం పొర చేరింది. ఇది మూల చిత్రాన్ని తనలో చెడకుండా దాచుకొని, దాని రూపాన్ని మాత్రమే పైకి చూపుతుంది. 2014 జనవరిలో మూలాన్ని బయట వేరే ఫైలుగా ఉంచే సౌకర్యం కూడా వచ్చింది. ఆ రకాన్నే మేము అనుసంధిత పొర అంటున్నాము.

నేత ఇళ్లలో పుట్టినవారికి ఈ సూత్రం కొత్తది కాదు. 1804 నాటి జాకార్డ్ యంత్రాన్ని గుర్తుచేసుకోండి. అందులో బుటా గుడ్డ మీద ఉండదు, చిల్లులు పొడిచిన అట్టల్లో ఉంటుంది. ఒక్కో కొక్కేనికి అనేక తాళ్లు కట్టి, వాటిని పన్నా పొడవునా ప్రతి బుటాలోనూ అదే స్థానంలో ఉన్న పడుగు పోగులకు కలుపుతారు. అందువల్ల అట్టలో ఒక్క చిల్లు మార్చితే పన్నాలోని బుటాలన్నీ ఒకేసారి మారతాయి. మూల ఫైలు అట్ట వంటిది, ఆహ్వానపత్రమూ బ్యానరూ దానితో నేసిన బుటాల వంటివి.

ఇక పని క్రమం. ముందుగా తెలుగు శీర్షికను మాత్రమే ఒక పీఎస్‌డీ ఫైలులో కూర్చండి. వత్తులు విడిపోతుంటే అక్షరాల అమరికలో 'వరల్డ్-రెడీ లేఅవుట్' ఎంచుకోవాలి. అన్నిటికన్నా పెద్దదైన బ్యానరుకు చాలినంత కొలతలో ఈ ఫైలు ఉండాలి. చిన్న మూలాన్ని సాగదీస్తే అక్షరాల అంచులు మసకబారతాయి. తరువాత ఆహ్వానపత్రం తెరిచి, ఫైల్ మెనూలో 'ప్లేస్ లింక్డ్' ద్వారా ఆ శీర్షికను తెచ్చి పెట్టండి. బ్యానరులోనూ గోడపత్రంలోనూ ఇలాగే చేయాలి. పక్కనే ఉన్న 'ప్లేస్ ఎంబెడెడ్' నొక్కితే మూలం ఆ ఒక్క ఫైలులోనే ఇమిడిపోతుంది, మిగిలినవాటితో సంబంధం ఉండదు.

దిద్దుబాటు అవసరమైనప్పుడు లేయర్ల పట్టికలో ఆ పొర చిన్నబొమ్మ మీద రెండుసార్లు నొక్కితే మూల ఫైలు తెరుచుకుంటుంది. అక్షరం దిద్ది 'సేవ్' చేయాలి. 'సేవ్ యాజ్' అని మరో పేరు పెడితే దిద్దుబాటు కొత్త ఫైలుకు పోతుంది, అనుసంధానం మాత్రం పాతదానితోనే మిగులుతుంది. ఆ సమయంలో మూసి ఉన్న బ్యానరును తరువాత తెరిస్తే, మూలం మారినట్లు ఆ పొర మీద హెచ్చరిక గుర్తు కనిపిస్తుంది. అప్పుడు 'అప్‌డేట్ ఆల్ మాడిఫైడ్ కంటెంట్' ఎంచుకోవాలి. మూల ఫైలును వేరే ఫోల్డరుకు మార్చినా, పేరు మార్చినా తీగ తెగుతుంది. 'రీలింక్ టు ఫైల్'తో మళ్లీ కలపాలి. ముద్రణకు ఇచ్చేటప్పుడు 'ప్యాకేజ్' ఆదేశంతో మూలాలన్నీ ఒకే ఫోల్డరులో చేర్చి ఇస్తే ఈ ఇబ్బంది రాదు. ముద్రణశాలలో శీర్షికను దిద్దవలసి వస్తే అక్కడ ఆ తెలుగు ఫాంటు కూడా ఉండాలి.

రెండు హెచ్చరికలు. నేసిన గుడ్డ అట్ట మార్చినంత మాత్రాన మారదు. అలాగే ఫోనులో పంపిన జేపెగ్ బొమ్మకూ, అచ్చయిన కాగితానికీ మూలంతో సంబంధం తెగిపోయినట్లే. వాటిని మళ్లీ తయారుచేయాలి. రెండోది ఇంకా ముఖ్యమైనది. ఒక దిద్దుబాటు అన్నిచోట్లకూ పాకినట్లే ఒక తప్పు కూడా అన్నిచోట్లకూ పాకుతుంది. కాబట్టి మూల ఫైలు తెలుగు చక్కగా చదవగలవారి చేతిలో ఉండాలి, మరొకరు దానిని అక్షరం అక్షరం చదివి చూడాలి. రంగులూ పూలూ ఎవరు కూర్చినా సరే. తెలుగు నేలకు దూరంగా ఉన్న ఊళ్లలో పిల్లలు రోజూ చూసే తెలుగు అక్షరాలు ఇలాంటి గోడపత్రాల మీదివే. వాటిని చూసే వారు గుణింతాలూ వత్తులూ గుర్తుపెట్టుకుంటారు.