పలుచని ఉక్కు, దానికి తగిన గ్రంథములు

ఆదోని పత్తి మార్కెట్టు చుట్టును, ఎమ్మిగనూరు పొలిమేరలయందును ఇటీవల లేచుచున్న గోదాముల కప్పులను తలయెత్తి పరికించువారికి ఒక మార్పు కనబడకపోదు. పూర్వము రేకులను మోయుటకు బరువైన యాంగిళ్లను, చానెళ్లను వాడెడివారు. నేడు వాని స్థానమున, రెండు మిల్లీమీటర్ల మందపు ఉక్కు రేకును కాల్చకయే రోలర్ల నడుమ మడిచి తీసిన సి, జెడ్ ఆకారముల పర్లిన్లు వచ్చి చేరినవి. బరువు తగ్గినది, ఖర్చును తగ్గినది; కాని యీ పలుచని ఉక్కు బలమును లెక్కగట్టు విద్యకు మన కళాశాలల పాఠములలో దొరకు చోటు మిక్కిలి కొద్ది. ఆ విద్యను స్వయముగా అభ్యసింపగోరు యువ ఇంజనీరు ఏ గ్రంథములను చేపట్టవలెను?

సాధారణ ఉక్కు కట్టడముల గ్రంథము ఇచ్చట చాలదు. ఐఎస్ 800 అను మన ప్రధాన ప్రమాణమే, తాను వేడిగా చుట్టిన ఉక్కునకు వర్తింతుననియు, పలుచని రేకు సెక్షన్లకు వేరు ప్రమాణము కలదనియు చెప్పుచున్నది; ఆ ప్రమాణమే ఐఎస్ 801. కారణము పదార్థమునందు లేదు, మందమునందు ఉన్నది. 200 మిల్లీమీటర్ల వెడల్పు, 2 మిల్లీమీటర్ల మందము గల పలకకు రెండు ప్రక్కల అంచుల వెంబడి ఆధారమిచ్చి పొడవు దిక్కున నొక్కినచో, చదరపు మిల్లీమీటరునకు సుమారు 72 న్యూటన్ల ఒత్తిడికే అది నడుమ అలలుగా ఉబ్బును; 250 న్యూటన్ల ఈల్డు పాయింటు అప్పటికింకను ఎంతో దూరమున నుండును. అయినను పలక కూలదు. నడిమి భాగము తప్పుకొనగా భారము అంచులకు జరుగును, అంచులు దానిని మోయుచునే యుండును. 1932లో వాన్ కార్మన్ సూచించిన యీ భావమును, 1939 మొదలుకొని కార్నెల్ విశ్వవిద్యాలయమున జార్జ్ వింటర్ ప్రయోగములచే స్థిరపరచి, వాడుకకు వచ్చు సూత్రముగా దిద్దెను. దాని ఆధారముననే 1946లో అమెరికనుల తొలి ప్రమాణము వెలువడినది. ఆ సూత్రము ప్రకారము పై పలకలో పూర్తి బలముతో లెక్కకు వచ్చు వెడల్పు, అనగా సార్థక వెడల్పు, సుమారు 95 మిల్లీమీటర్లే.

సి పర్లిను ఫ్లాంజి చివర లోపలికి తిరిగిన చిన్న మడత సంగతియు నిట్టిదే. అదే మందము గలిగి, మడత లేని 50 మిల్లీమీటర్ల ఫ్లాంజి సుమారు 124 న్యూటన్లకే ఉబ్బును. తగినంత మడత యున్నచో ఈల్డు వరకును నిలుచును. ఎమ్మిగనూరు నేతగాండ్రు వస్త్రపు అంచును గట్టిగా నేయుటలోని మర్మమే ఇచ్చటను గలదు.

ఇక గ్రంథముల మాట. 1975 నాటి ఐఎస్ 801, దానికి తోడుగా 1980లో వెలువడిన ఎస్‌పీ 6(5) చేతిపుస్తకము, సెక్షన్ల కొలతలకు 1987 నాటి ఐఎస్ 811, ఈ మూడును దగ్గర నుండవలసినవే. కాని వీనితోనే విద్యారంభము చేయరాదని నా దృఢాభిప్రాయము. 801లో సార్థక వెడల్పు సూత్రమును తెరచిన వానికి బలము లెక్కకు 2120 అనియు, వంపు లెక్కకు 2710 అనియు రెండంకెలు ఎదురగును. అవి ఎచ్చటనుండి వచ్చినవో అచ్చట వివరింపబడలేదు. మొదటిదానిలో సుమారు 1.67 భద్రతా గుణకము ముందే ఇమిడియున్నది. దాని నెరుగక, ఐఎస్ 800 రీతిని ముందే పెంచిన భారములను తెచ్చి దీనిలో చేర్చినవాడు ఒకే జాగ్రత్తను రెండుమారులు లెక్కించును. దానిని విడదీయబూనినవాడు అసలు జాగ్రత్తనే పోగొట్టుకొనవచ్చును. 801లో ఒత్తిడులు కిలోగ్రాము-సెంటీమీటర్లలో నుండుట మరియొక చిక్కు.

అందుచేత కారణములను బోధించు గ్రంథమును ముందుగా చదువవలెను. వింటర్ శిష్యుడైన వెయ్-వెన్ యూ 1973లో ప్రచురించి, తరువాత రోజర్ లాబూబ్, హెలెన్ చెన్‌ల తోడ్పాటుతో పెంచుచు వచ్చిన గ్రంథమును నేను అన్నిటికంటె ముందు నిలిపెదను. ప్రతి సూత్రము వెనుక ఏ ప్రయోగమున్నదో అందు దొరకును. అమెరికను కొలతలు కొంత విసిగించినను సహింపదగినవే. సిడ్నీకి చెందిన గ్రెగరీ హాన్‌కాక్ గ్రంథము దానికి చక్కని తోడు. ఉక్కు వాడుకను ప్రోత్సహించు ఇన్‌స్డాగ్ సంస్థవారి పాఠములలోని శీతలరూపిత (కాల్చక మడిచిన) సెక్షన్ల అధ్యాయములు మన విద్యార్థికి తొలిమెట్టుగా ఉపకరించును. షేఫర్, పెకోజ్ అనువారు 1998లో ప్రతిపాదించిన ప్రత్యక్షబల పద్ధతిని, పలక పలకకును విడివిడిగా గాక సెక్షను మొత్తమునకు బక్లింగు (ఉబ్బు) చూచు నూత్న మార్గమును, ఈ పునాది పడిన పిమ్మటనే చేపట్టవలెను. దానికై షేఫర్ రూపొందించిన సీయూఎఫ్ఎస్ఎమ్ అను ప్రోగ్రాము ఉచితముగనే లభించును. తన యూరి గోదాము పర్లిను నొకదానిని కొలిచి, ముందు వింటర్ సూత్రముతో చేతిలెక్క వేసి, పిమ్మట ఆ ప్రోగ్రాముతో సరిచూచుకొనుట యువకునకు ఉత్తమమైన అభ్యాసము.