పుస్తకం తెరిచే ముందు, తెర చూసే ముందు

మనసుకు పట్టే ఆధ్యాత్మిక పుస్తకం ఏదైనా చెప్పమని ఎవరడిగినా నా నోట ముందు వచ్చే పేరు ‘శ్రీ రమణాశ్రమ లేఖలు’. అది పుస్తకంగా పుట్టలేదు. సూరి నాగమ్మగారు తన అన్నగారికి రాసిన ఉత్తరాలవి. గుంటూరు జిల్లా కొలనుకొండలో పుట్టిన నాగమ్మగారికి చిన్నతనంలోనే పెళ్లయింది, చిన్నతనంలోనే భర్త పోయాడు. బడి చదువు లేదు. తనంతట తానే చదువు నేర్చుకుని, 1941లో అరుణాచలంలోని రమణ మహర్షి ఆశ్రమానికి చేరారు. 1945 నుంచి మహర్షి చివరి రోజుల దాకా, ఆశ్రమం హాల్లో ఎవరేం అడిగారో, ఆయనేం చెప్పారో, ఆ రోజు వంటింట్లో ఏం జరిగిందో కూడా ఇంటికి ఉత్తరం రాసినట్టే రాశారు. వేదాంత పరిభాష తెలియని వాళ్లు కూడా ఆ పుస్తకాన్ని హాయిగా చదువుకోగలగడానికి కారణం అదే.

ఆశ్రమంలో లక్ష్మి అనే ఆవు ఉండేది. 1948 జూన్‌లో దానికి చివరి ఘడియ వచ్చినప్పుడు మహర్షి వెళ్లి గడ్డిలో దాని పక్కనే కూర్చుని, తల మీద చెయ్యి వేసి నిమిరారు. లక్ష్మి సమాధి ఇప్పటికీ ఆశ్రమంలో ఉంది. దయ అంటే ఏమిటని పిల్లలడిగితే నేను ఈ సంగతే చెబుతాను.

మహర్షి బోధల్లో అందరికీ తెలిసిన ‘నేనెవడను?’ పుట్టుక ఇంకా చిత్రం. 1902 ప్రాంతంలో శివప్రకాశం పిళ్లై అనే ఉద్యోగి అరుణాచలం కొండ మీదికి వెళ్లి ప్రశ్నలు అడిగాడు. అప్పట్లో మహర్షి మాట్లాడేవారు కాదు. జవాబులు ఇసుకలోనూ పలక మీదా వేలితో, బలపంతో రాసి చూపించారు. చెరిగిపోవలసిన ఆ మాటలు 1923లో అచ్చయ్యాయి. అరగంటలో చదివేయగల పుస్తకమే, అయితే పక్కన పెట్టేయగల పుస్తకం మాత్రం కాదు.

ఇంగ్లిష్ నవలాకారుడు సోమర్సెట్ మామ్ 1938లో ఆ ఆశ్రమానికి వచ్చి, దర్శనానికి ముందే స్పృహ తప్పి పడిపోయాడు. ఆరేళ్ల తర్వాత వచ్చిన ఆయన నవల ‘ది రేజర్స్ ఎడ్జ్’లోని భారతీయ గురువు పాత్రకు మూలం మహర్షే. దాన్ని 1946లో హాలీవుడ్ సినిమాగా తీసింది.

ఆరోగ్యం మీద చదవాలంటే గాంధీగారి చిన్న పుస్తకం ‘కీ టు హెల్త్’ చూడండి. 1942లో పుణెలో ఆగాఖాన్ భవనంలో నిర్బంధంలో ఉండగా రాశారు. మన్ను, నీరు, ఆకాశం, ఎండ, గాలి అంటూ పంచభూతాలతోనే వైద్యం చెబుతారు. అందులో ప్రతి మాటా నేటి వైద్యానికి నిలవదు. మందులు మానేయడానికి దాన్ని సాకుగా చేసుకోవద్దని మాత్రం గట్టిగా చెబుతాను.

యోగాసనాలకు బి.కె.ఎస్. అయ్యంగార్ 1966లో వెలువరించిన ‘లైట్ ఆన్ యోగా’కు సాటి వచ్చే పుస్తకం నాకు కనబడలేదు. సుమారు 600 ఫొటోల్లో కనిపించే ఆ ఉక్కులాంటి మనిషి చిన్నప్పుడు మలేరియా, టైఫాయిడ్, క్షయలతో మంచం పట్టిన పిల్లవాడు. ముందుమాట రాసింది వయొలిన్ విద్వాంసుడు యెహూది మెనూహిన్, అయ్యంగార్ శిష్యుడు.

ఇక తెర సంగతి. ‘శంకరాభరణం’ ఎన్నిసార్లు చూసినా మళ్లీ చూడండనే అంటాను. ఈసారి రెండు సంగతులు గుర్తుపెట్టుకుని చూడండి. శంకరశాస్త్రిగా కనిపించే జె.వి. సోమయాజులు అప్పట్లో డిప్యూటీ కలెక్టరు. నాటకాల్లో ‘కన్యాశుల్కం’ రామప్ప పంతులుగా పేరు తెచ్చుకున్న మనిషి. శిష్యుడు శంకరంగా వేసింది మగపిల్లవాడు కాదు, తులసి అనే అమ్మాయి. చివర్లో గురువు గొంతు ఆగిన చోట ఆ పసిగొంతు పాట అందుకుంటుంది. ఆ క్షణంలో గురువు ముఖం చూడండి. ఈ సినిమాలో గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం పాడిన శాస్త్రీయ గానానికి జాతీయ పురస్కారం వచ్చింది. ఆయన మాత్రం కర్ణాటక సంగీతం పద్ధతిగా నేర్చుకోలేదు, తండ్రి హరికథలు వింటూ పెరిగారు. దర్శకుడు కె. విశ్వనాథ్ సినిమాల్లోకి వచ్చింది వాహినీ స్టూడియోలో శబ్దగ్రాహకుడిగా. ఆ సినిమా విడుదలైంది 1980 ఫిబ్రవరి 2న. ఆయన కన్నుమూసింది 2023లో, సరిగ్గా ఆ తేదీనే.

1997లో వచ్చిన ‘అన్నమయ్య’ చూసినవాళ్లు, ఆయన సంకీర్తనలు చెక్కిన తిరుమల రాగిరేకుల సంగతి కూడా తెలుసుకోవాలి. గుడిలోని సంకీర్తన భాండాగారంలో శతాబ్దాలు మరుగున పడి ఉన్న రేకులు ఇరవయ్యో శతాబ్దంలోనే వెలుగు చూశాయి. దొరికిన సంకీర్తనలు 14 వేలకు దగ్గర. ప్రతి కీర్తనకూ పైన రాగం పేరు చెక్కి ఉంది, స్వరం మాత్రం లేదు. మనం పాడుకుంటున్న వరసల్లో చాలా భాగం రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ లాంటివాళ్లు కట్టినవే. ఒకే కీర్తనను ఇద్దరు స్వరపరిచినవి వెతికి, ఒకదాని వెంట ఒకటి వినండి.